బూడిదలో పడ్డ సైలస్ పర్కిస్

ఆ శనివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. ఇంటి పెద్ద ఆంబ్రోజ్ థర్కెల్, డెబ్బై ఎనిమిదేళ్లు, ఒకప్పుడు ఊరి పోస్ట్‌మాస్టరు. ఆయన మనవరాలు టామ్సిన్, పదహారేళ్లు, చేతిలో టీ ట్రే. పోలీసు సార్జెంటుగా రిటైరైన డిలిస్ గేదర్‌కోల్, ఒళ్లో అల్లిక. పళ్ల డాక్టరుగా రిటైరైన రానల్ఫ్ బూత్‌బీ, కళ్లన్నీ కేకు మీద. నిప్పుగూడు ముందు మేజిస్ట్రేట్ అనే లావుపాటి కుక్క. గోడ మీద, తాడుకి బట్టల క్లిప్పుతో వేలాడుతూ, సైలస్ పర్కిస్.

సైలస్ పర్కిస్ చచ్చి నూరేళ్లు దాటింది. అయినా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా పేరు వినబడేది అతనిదే.

నెదర్ కాక్సీలో ఆ ఇల్లెక్కడని ఎవరినడిగినా "హంతకుల ఇల్లా?" అని నవ్వి దారి చూపిస్తారు. ప్రతి నెలా మొదటి శనివారం ఆ ముగ్గురు ముసలివాళ్లూ ముందుగదిలో చేరి, విక్టోరియా రాణి కాలంలో, 1886 శరదృతువులో, మార్ష్‌గేట్ రేవులో ముగ్గురు ఆడవాళ్లని పొడిచి చంపి దొరక్కుండా పోయినవాడు ఎవరా అని వెతుకుతారు. ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నారు. లావుపాటి పుస్తకాలు రాసేవాళ్లు అనుమానించే దొరల జోలికీ పేరున్న డాక్టర్ల జోలికీ వీళ్లు పోరు. వీళ్లకి కావలసింది ఎవరికీ తెలియని దుర్మార్గులు. పాత పేపర్లో ఏ మూలో నాలుగు లైన్లు పడి మరుగున పడిపోయినవాళ్లు. పెళ్లాం మీదికి గొడ్డలెత్తినవాడు, ఓడలో వంటవాడి చెవి కొరికి ఉమ్మేసినవాడు, చర్చిలో పాట ఆపమన్నందుకు గంట కొట్టేవాణ్ణి తాడుతో కట్టిపడేసినవాడు. అలాంటివాడు ఒకడు దొరికితే ఆ నెలంతా వాళ్లకి పండగే. వాడెక్కడ పుట్టాడు, ఎక్కడ తాగాడు, ఏ తేదీన ఏ జైల్లో గంజి తాగాడు, అన్నీ తవ్వి తీస్తారు.

హత్య జరిగిన రోజున వాడు వేరేచోట ఉన్నాడని తేలితే, వాడు "పడిపోయినట్టు". క్లిప్పు తీసి ఫోటోని బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. ఆ డబ్బాలో ఇప్పటికి ఇరవై ఇద్దరున్నారు.

"వీళ్లేం మంచివాళ్లు కాదే," అని తాత ఒకసారి టామ్సిన్‌తో అన్నాడు. "చేసినవే బోలెడు. చేయనిది కూడా మనం అంటగడితే ఎలా?"

ఆ మాట టామ్సిన్‌కి ఎంత నచ్చిందంటే, డైరీలో దాని కింద రెండు గీతలు గీసుకుంది.

టామ్సిన్ తల్లి నర్సు. శనివారాలు ఆవిడకి డ్యూటీ. అందుకని టామ్సిన్ తాత దగ్గరే ఉండి టీలు అందించేది. కానీ ఆ పిల్ల కళ్లన్నీ వెనక గది మీదే. అది కాగితాల గది. నలభై ఒక్క అట్టపెట్టెలు, పాత పేపర్ల నకళ్లు, కోర్టు రికార్డులు, మార్ష్‌గేట్ వీధుల మ్యాపులు. ఆ గదిలోకి సభ్యులు తప్ప ఎవరూ పోకూడదు. సభ్యులవ్వాలంటే రెండే దార్లు: కొత్త అనుమానితుణ్ణి తేవాలి, లేదా గోడ మీద ఉన్నవాణ్ణి పడగొట్టాలి. ఆ నియమం పెట్టింది తాతే. మనవరాలని మినహాయింపు లేదు. రెండేళ్లుగా ప్రతి నెలా ఆ గది గుమ్మం దగ్గర ఒకటే తంతు. తాత తలుపు జానెడు తీసి ట్రే అందుకుని, "టీ లోపలికి, టామ్సిన్ బయటికి" అని తలుపు వేసేసేవాడు. టామ్సిన్ ఆ చెక్కకి చెవి ఆనించి విన్నదంతా తర్వాత డైరీలో రాసుకునేది.

నోరు తెరిచి అడగొచ్చు కదా అంటే, ఆ పిల్లకి నోరు తెరవడమే గండం. నలుగురున్నచోట మాట్లాడాలంటే ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత మెడ, ఆ తర్వాత అనుకున్న మాట కడుపులోకి దిగిపోయేది. బడిలో హాజరు పలికేటప్పుడు కూడా ఆమె "ప్రెజెంట్" అన్నది పక్కపిల్లకి మాత్రమే వినిపించేది.

ఆ శనివారంతో ఆ అవకాశం కూడా పోయేలా ఉంది. ఎందుకంటే ఆ రోజు ఓటింగు. ముగ్గురూ చేతులెత్తితే, మార్ష్‌గేట్ హంతకుడు సైలస్ పర్కిస్సే అని తీర్మానం రాసి సంతకాలు పెడతారు. సంఘం పని ముగిసినట్టే. సోమవారం పొద్దున్నే జిల్లా రికార్డుల ఆఫీసు నుంచి వ్యాను వచ్చి నలభై ఒక్క పెట్టెల్నీ ఎత్తుకుపోతుంది. ఇక ఆ వెనక గదిలో చూడ్డానికి నాలుగు గోడలు తప్ప ఏమీ ఉండదు.

"ఆ తర్వాత ఏం చేస్తావు ఆంబ్రోజ్?" అని డిలిస్ అడిగింది, సూదులు టకటకలాడిస్తూ.

"డాలియాలు పెంచుతా."

"నువ్వా? పోయినసారి కుండీలో పెట్టిన ప్లాస్టిక్ మొక్కకి నెలరోజులు నీళ్లు పోశావు."

"దూరం నుంచి అందంగా ఉంది మరి."

బూత్‌బీ నవ్వబోయి కేకు వైపు చూసి ఆగిపోయాడు. ఆ ఇంట్లో ఇంకో నియమం ఉంది. పేర్లు చదవందే కేకు కోయరు. తాత లేచి నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ లేచారు. టామ్సిన్ ట్రే పట్టుకునే నిటారుగా నిలబడింది. కుక్క కూడా ఒక కన్ను తెరిచింది.

"హానా క్రిస్ప్, వలలు అల్లేది, అక్టోబరు రెండు. లిడియా మాట్, ఇద్దరు బిడ్డల తల్లి, చేపలు ఎండబెట్టేది, అక్టోబరు పదహారు. కెజయా డనిజ్, పందొమ్మిదేళ్లు, తాళ్ల కొట్టంలో పని, నవంబరు ఆరు. ముగ్గురూ శనివారం రాత్రి పదకొండు ప్రాంతంలోనే. మరిచిపోలేదమ్మా."

"మరిచిపోలేదు," అన్నారు మిగతా ఇద్దరూ. టామ్సిన్ పెదాలు కదిపింది.

అందరూ కూర్చున్నారు. బూత్‌బీ చాకు అందుకున్నాడు.

"కేకుతో పాటు ఆ దుంపలు కూడా పట్రావే," అన్నాడు తాత. "నిన్నటి బూడిదలో వేశాంగా, ఉడికే ఉంటాయి."

నిన్న శుక్రవారం, నవంబరు ఐదు. ఊరంతా చేరి గడ్డిబొమ్మని మంటలో తగలబెట్టే రోజు. నెదర్ కాక్సీలో ఆ మంట తాతల తాతల నాటి నుంచీ ఒక్కచోటే వేస్తారు, ఈ ఇంటి ఎదురుగా ఉన్న పచ్చిక బయల్లో. మర్నాడు పొద్దున ఆ బూడిదలో బంగాళాదుంపలు కప్పెట్టి మధ్యాహ్నం తవ్వి తీసుకోవడం ఆ ఊరి అలవాటు. టామ్సిన్ బొగ్గుల పార తీసుకుని వెళ్లి, బూడిద కెలికి, ఎనిమిది దుంపల్ని తువ్వాల్లో మూటగట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. బూట్లకి బూడిద, ముక్కుకి మసి, అరచేతులకి సెగ. తువ్వాలు రెండు మడతలున్నా కాలుతూనే ఉంది.

లోపల తాత గోడ మీదున్న ఫ్రేము దించి కళ్లజోడు సర్దుకుంటున్నాడు. ఆ ఫ్రేములో ఉన్నది జిల్లా వారపత్రిక ముక్క, 1886 నవంబరు ఇరవయ్యో తేదీది. ముప్పై ఏళ్ల కిందట ఆయన ఆ ముక్కని లైబ్రరీలో చూసిన రోజే ఈ సంఘం పుట్టింది. తన ఊళ్లో, తన కిటికీలోంచి కనబడే పచ్చికలో, హంతకుడు పట్టుబడ్డాడని తెలిస్తే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

"చివరిసారిగా చదువుతున్నా," అన్నాడు తాత గొంతు సవరించుకుని. "'గత శనివారము మధ్యాహ్నము నెదర్ కాక్సీ గ్రామమునందు సైలస్ పర్కిస్ అను గుర్రపు కసాయి, సారాయి అంగడి యజమానురాలిని కత్తితో గాయపరచి పారిపోవుచుండగా, గ్రామస్థులు తరిమిరి. ఇతడు పచ్చికయందలి మంట బూడిదలో బోర్లపడి, రెండు చేతులును బొబ్బలెక్కి, పెనుగులాట లేకయే పట్టుబడెను. కానిస్టేబులు చేతులకు వెన్న రాసి లాకప్పులో ఉంచెను.'"

"వెన్న!" అన్నాడు బూత్‌బీ, ఎప్పటిలాగే. ఆ వాక్యం వచ్చినప్పుడల్లా ఆయన అలా అనకపోతే సభ ముందుకు సాగదు.

"ఇరవయ్యో తేదీ పేపర్లో 'గత శనివారం' అంటే పదమూడు," అన్నాడు తాత. "కెజయా చనిపోయింది ఆరున. సరిగ్గా వారం తర్వాత వీడు దొరికాడు. ఆపైన మార్ష్‌గేట్‌లో ఒక్క హత్య లేదు. కత్తి వాడిది, కసాయితనం వాడిది, అక్టోబర్లో రెండు శనివారాలూ అక్కడి గుర్రాల సంతలో ఉన్నాడు. ఆ ఏడాది జైలు రిజిస్టరు ఎలుకలు కొట్టేశాయి కాబట్టి అంతకు మించి సాక్ష్యం దొరకదు. ఒప్పుకుంటారా?"

"దుంప తిని చెబుతా," అంటూ బూత్‌బీ టామ్సిన్ మూటలోంచి ఒకటి లాగి కొరికాడు.

మరుక్షణం ఆయన కుర్చీలోంచి ఎగిరాడు. నోరు తెరిచి, చేత్తో విసురుకుంటూ, గదంతా తిరిగాడు. కుక్క మొరిగింది. డిలిస్ అల్లిక కిందపడింది.

"నలభై ఏళ్లు జనానికి చెప్పాను," అని మూలిగాడు కాసేపటికి, నాలుక బయటపెట్టి, "వేడివి కొరకొద్దు, పళ్లు పాడవుతాయని!"

"నిన్నటి మంట కదయ్యా, లోపల నిప్పు అలాగే ఉంటుంది," అంది డిలిస్, నవ్వు ఆపుకోలేక. "రేపు తెస్తే చల్లగా ఉండేది."

టామ్సిన్ మూట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

నిన్నటి మంట. శుక్రవారం మంట, ఇవాళ శనివారం. రేపటికి చల్లారిపోతుంది. మరి సైలస్ పర్కిస్ చేతులు బొబ్బలెక్కింది ఎన్నో రోజున? మంట ఐదున వేస్తారు. అప్పుడూ ఐదునే. పదమూడుకి ఎనిమిది రోజులు. ఎనిమిది రోజుల నాటి బూడిదలో పడితే చేతులు నల్లబడతాయి, అంతే.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మెడ ఎర్రబడింది.

"సరే, చేతులెత్తండి," అన్నాడు తాత. తనే ముందు ఎత్తాడు. డిలిస్ నిట్టూర్చి సూదితో సహా ఎత్తింది. బూత్‌బీ ఒక చేత్తో నాలుక పట్టుకుని రెండోది ఎత్తబోతున్నాడు.

టామ్సిన్ నోరు తెరిచింది. మాట రాలేదు. మాట కడుపులోకి దిగిపోతోంది, అలవాటైన మెట్లన్నీ దిగిపోతోంది. సోమవారం వ్యాను వస్తుంది. ఆమెకి ఇంకేం తోచలేదు. మూటలోంచి అన్నిటికంటే పెద్ద దుంప తీసి, గాల్లో ఉన్న తాత అరచేతిలో పెట్టేసింది.

"ఓరి దేవుడో!" అని అరిచాడు తాత. దుంప ఎగిరి డిలిస్ ఒళ్లో పడింది, అక్కణ్ణుంచి నేల మీదికి, నేల మీదనుంచి మేజిస్ట్రేట్ నోట్లోకి, ఆ నోట్లోంచి అంతకంటే వేగంగా బయటికి. "పిచ్చి పట్టిందా నీకు? చెయ్యి కాలింది!"

"కాలిందా తాతా?" అంది టామ్సిన్. అంత గట్టిగా తను మాట్లాడగలనని ఆమెకే తెలియదు. "ఎనిమిది రోజులయ్యాక కాలుతుందా?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె ఫ్రేము వైపు చూపించింది.

"ఐదున మంట. నువ్వేమో పదమూడున పట్టుబడ్డాడంటావు. ఎనిమిది రోజుల బూడిదలో బొబ్బలెలా వస్తాయి?"

కుక్క ముక్కు నాక్కుంటోంది. ముందు తేరుకున్నది తాతే. ఆయన ముఖం కందిపోయింది.

"పెద్ద మంట వేసుంటారు. లోపలి దుంగలు రోజుల తరబడి రగులుతాయి. నేను చూశాను."

"ఎక్కడ చూశావు?" అంది డిలిస్.

"ఎక్కడో చూశాను!"

"వానలో కూడానా?" డిలిస్ అల్లిక పక్కన పెట్టింది. ఆవిడ అల్లిక పక్కన పెడితే ఎవరికో మూడినట్టే అని జిల్లాలో పాత దొంగలందరికీ తెలుసు. "పదో తేదీ కెజయా అంత్యక్రియలు. నువ్వే రాశావు కదా ఆంబ్రోజ్, పన్నెండో పెట్టెలో, 'చీలమండల లోతు నీళ్లలో నడిచారు' అని. చదివినప్పుడల్లా కళ్లు తుడుచుకుంటావు కూడా."

"అది మార్ష్‌గేట్. నలభై మైళ్ల దూరం."

"వాన మార్ష్‌గేట్ పొలిమేర చూసుకుని ఆగిపోయిందా? చినుకు పడితే చాలు, మన పచ్చిక చెరువైపోతుంది. పోయినేడు ఇక్కడ బాతులు తిరిగాయి."

"ఒకటి ఈ గదిలోకి వచ్చింది," అన్నాడు బూత్‌బీ నాలుక తడబడుతుండగా.

"కానీ పేపర్లో ఉంది!" అన్నాడు తాత. "అచ్చులో ఉంది! ఇరవయ్యో తేదీ, గత శనివారం! పేపరు తప్పు రాస్తుందా?"

టామ్సిన్‌కి ఆ ప్రశ్నకీ జవాబు తెలుసు. తెలియడమే ఇబ్బంది. ఆ జవాబు ఆమె డైరీలో ఉంది. ఆ డైరీ ఎప్పుడూ ఆమె స్వెటరు లోపలే ఉండేది. ఇంతవరకూ ఒక్క మనిషి కూడా దాన్ని చూడలేదు.

ఆమె ఒక ఊపిరి తీసుకుని బయటికి తీసింది.

"నేను ఏ రోజుది ఆ రోజు చిత్తుకాగితం మీద రాసుకుంటాను. ఆదివారం కూర్చుని ఇందులో ఎక్కిస్తాను. చూడండి, ఇది పోయిన నెల ఆదివారం పేజీ. 'ఇవాళ లెక్కల పరీక్ష' అని ఉంది."

"ఆదివారం పరీక్షేమిటి?" అన్నాడు బూత్‌బీ.

"అదే మరి. పరీక్ష మంగళవారం జరిగింది. చిత్తులో 'ఇవాళ' అని ఉంటే, ఎక్కించేటప్పుడు మార్చకుండా అలాగే రాసేశాను. ఈ పేపరువాళ్లు కూడా వేరే పేపర్లోది ఎక్కించి ఉంటే? అందులో 'గత శనివారం' అని ఉంటే, అలాగే వేసేసి ఉంటే?"

డిలిస్ పేజీ మీదికి వంగింది. చదువుతూ కిందికి పోయింది. "'డిలిస్ ఆంటీ అల్లుతున్న స్వెటరుకి మూడో చెయ్యి మొలుస్తోంది. ఎవరూ చెప్పడం లేదు.'"

టామ్సిన్ డైరీని టప్పున మూసింది. ఆమె ముఖం మీద దుంప కాల్చుకోవచ్చు.

డిలిస్ అల్లిక ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. "మూడే," అంది. "పిల్ల సాక్ష్యం నిజమే, ఆంబ్రోజ్. నా కంప్యూటరేదీ?"

కంప్యూటరు డిలిస్‌దే, ఆవిడ సంచిలోనే ఉంది. పాత పేపర్లన్నీ ఇప్పుడు అందులో చదవొచ్చు. కానీ పర్కిస్ గురించి మళ్లీ ఎవరూ వెతకలేదు. ముప్పై ఏళ్ల కింద దొరికిన ముక్క గోడ మీద ఫ్రేములో ఉంటే ఇంకా వెతకడమేమిటి? ఇరవై ఇద్దరినీ మూడేసిసార్లు తిరగేసినవాళ్లు, ఈ ఒక్కణ్ణి మాత్రం గోడకి కొట్టి నమ్మేశారు.

ఆ ఇంట్లో ఇంటర్నెట్టు మేడమీద స్నానాలగది కిటికీ దగ్గర తప్ప ఎక్కడా అందదు. నలుగురూ మెట్లెక్కారు. డిలిస్ తొట్టి అంచు మీద కూర్చుంది, బూత్‌బీ ఖాళీ తొట్టిలో నిలబడ్డాడు, తాత గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపలికి రమ్మంటే "నాకు ఇక్కణ్ణుంచి వినబడుతుంది" అన్నాడు. కంప్యూటర్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకునే పని టామ్సిన్‌ది. మేజిస్ట్రేట్ సగం మెట్లెక్కి కూలబడింది.

"పర్కిస్... నెదర్ కాక్సీ... నవంబరు..." డిలిస్ ఒక్క వేలితో కొట్టింది. "కొంచెం పైకెత్తు పిల్లా. ఇంకాస్త. తిరుగుతోంది, తిరుగుతోంది... ఆగిపోయింది. ఎడమకి."

టామ్సిన్ ఎడమకి జరిగింది. ఒక కాలు తొట్టిలో పెట్టింది.

"వచ్చింది."

చిన్న పేపరు. పక్క బస్తీది, నాలుగు పేజీలది. డిలిస్ కళ్లు చిట్లించి చదివింది. "'గత శనివారము మధ్యాహ్నము నెదర్ కాక్సీ గ్రామమునందు సైలస్ పర్కిస్ అను గుర్రపు కసాయి...'"

"అదే," అన్నాడు బూత్‌బీ. "అక్షరం పొల్లుపోకుండా అదే."

"'కానిస్టేబులు చేతులకు వెన్న రాసి...'"

"వెన్న!"

"తేదీ చెప్పు," అన్నాడు తాత గుమ్మంలోంచి.

డిలిస్ పైకి జరిపింది. "నవంబరు పదమూడు."

పదమూడో తేదీ పేపర్లో గత శనివారం అంటే ఆరు. ఆ మధ్యాహ్నం సైలస్ పర్కిస్ నెదర్ కాక్సీ లాకప్పులో, చేతులకి వెన్నతో కూర్చుని ఉన్నాడు. ఆ రాత్రే పదకొండు గంటలకి, నలభై మైళ్ల అవతల, ఇంకెవడో కెజయా వెనకాల నడిచాడు.

"తప్పించుకుని ఉంటాడు!" అన్నాడు తాత. "ఆ లాకప్పు ఒట్టి పందుల దొడ్డి!"

"తప్పించుకుని, బొబ్బల చేతుల్తో గుర్రం పగ్గాలు పట్టి, నలభై మైళ్లు పోయి, చంపి, మళ్లీ నలభై మైళ్లు వచ్చి, పొద్దున్నే గంజి ఇచ్చే వేళకి బుద్ధిగా లోపల కూర్చున్నాడా?" అంది డిలిస్. "అంత పెందలాడే తిరిగొచ్చిన ఖైదీని నా సర్వీసులో చూడలేదు."

తాత వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. ఒక్కో మెట్టే దిగడం వినబడింది. దారికడ్డంగా ఉన్న కుక్కని దాటడం వినబడింది.

టామ్సిన్ కంప్యూటర్ని డిలిస్ ఒళ్లో పెట్టేసింది. ఇప్పటిదాకా ఆమెకి లోపల బాణాసంచా పేలుతున్నట్టే ఉంది. ఆ అడుగుల చప్పుడుకి ఒక్కసారిగా అంతా తడిసిపోయింది. ముప్పై ఏళ్లు. తను పుట్టక ముందు నుంచీ ఆ ఫ్రేము ఆ గోడ మీద ఉంది.

ఆమె పరుగెత్తుకుంటూ కిందికి వచ్చింది. తాత గోడ ముందు నిలబడి పర్కిస్ ముఖంలోకి చూస్తున్నాడు. జైలువాళ్లు తీసిన ఫోటో. ముక్కు వంకర, కనుబొమలు గుబురు. రెండు చేతులూ ఛాతీ మీద, పట్టీలతో.

"ఈ పట్టీలు చూస్తూనే ఉన్నాను," అన్నాడు తాత. "ముప్పై ఏళ్లు. రోజూ పొద్దున్నే టీ తాగుతూ."

"సారీ తాతా."

"దేనికి? వీడేమైనా నాకు అల్లుడా?" తాత క్లిప్పు నొక్కాడు. పర్కిస్ ఊడి ఆయన చేతిలో పడ్డాడు. "చేసినవి చాలవా వీడికి. చేయనిది కూడా నేనే అంటగట్టబోయాను. సంతకం కూడా పెట్టేవాణ్ణి. డబ్బా పట్రా."

టామ్సిన్ బిస్కెట్ల డబ్బా తెచ్చింది. తాత ఫోటోని ఇరవై ఇద్దరి మీదా మెల్లగా పెట్టి మూత వేశాడు. మూత వేశాక దాని మీద చెయ్యి ఒక్క క్షణం ఉంచాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని టామ్సిన్ దగ్గరికి వంగింది. చూస్తే నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు.

"వెన్న!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "చేతికి దుంప పెట్టింది, డిలిస్! దుంప!"

మెట్లు దిగుతున్న డిలిస్ కూడా అందుకుంది. బూత్‌బీకి నవ్వితే నాలుక మండుతోంది, అయినా మానలేదు. మేజిస్ట్రేట్ ఎందుకో తెలియకుండానే అందరి చుట్టూ తిరిగింది.

"మరి సోమవారం వ్యాను?" అని టామ్సిన్ అడిగింది, నవ్వు కాస్త సద్దుమణిగాక.

"వ్యానా? ఏ వ్యాను?" తాత లేచి ఫోను దగ్గరికి పోయాడు. అవతల రికార్డుల ఆఫీసులో సందేశాలు పట్టే మిషన్ పలికింది. "హలో, థర్కెల్‌ని. పెట్టెలు ఇవ్వను. ఇంకా ముప్పై ఏళ్లు ఇవ్వను. డాలియాలు కావాలంటే పంపిస్తా, ప్లాస్టిక్‌వి ఉన్నాయి." ఫోను పెట్టేశాడు.

"ఆంబ్రోజ్," అంది డిలిస్, "నియమం."

"ఏ నియమం?"

"గోడ మీదివాణ్ణి పడగొట్టినవాళ్లు."

తాత మనవరాలి వైపు చూశాడు. పై నుంచి కింది దాకా చూశాడు, మసి ముక్కు, బూడిద బూట్లు, స్వెటరు లోపల డైరీ ఆకారం. ఆమె చెవులు మళ్లీ ఎర్రబడుతున్నాయి. తాత మేజా మీది టీ ట్రే చూపించాడు.

టామ్సిన్ ట్రే ఎత్తుకుంది. అంటే మళ్లీ టీయేనన్నమాట. సరే, టీ అయితే టీ. పెట్టెలైనా మిగిలాయి. ఆమె తాత వెనకాల వసారాలోంచి కాగితాల గదిదాకా నడిచింది. తాత తాళం తీశాడు. జానెడు తీసి ఆగలేదు, బార్లా తెరిచాడు. లోపల నలభై ఒక్క పెట్టెలు, నేల నుంచి కప్పుదాకా, పాత కాగితాల తీపి వాసన. ఆమె గుమ్మం మీద అలవాటుగా ఆగింది.

"నిలబడ్డావేం? పద."

ఆమె ఒక అడుగు లోపల పెట్టింది. రెండోది పెట్టింది.

"నాకు డెబ్బై ఎనిమిదేళ్లు," అన్నాడు తాత గుమ్మంలో నిలబడి. "ఉన్న ఒక్కణ్ణీ పడగొట్టావు. గోడ బోసిపోయింది. ఏడో పెట్టెలో ఓడ వంటవాళ్లు, పంతొమ్మిదిలో గొడ్డళ్లవాళ్లు, ముప్పై మూడులో ఎవరున్నారో నాకే గుర్తులేదు. వెతుకు. ఈ చలికాలం అయ్యేలోపు నాకు ఇంకొకడు కావాలి. మంచి దుర్మార్గుడు కావాలి. తేదీలు చూసుకో."

"తాతా, మరి టీ..."

"టీ బయటికి," అన్నాడు తాత, ట్రే ఆమె చేతుల్లోంచి లాక్కుని. "టామ్సిన్ లోపలికి."

అని, తలుపు వేసేశాడు.